ఇరుక్కోని బండి

పదకొండేళ్ళుగా కౌంటరు వెనక నిలబడి జనీల్ అడిగేవి మూడే ప్రశ్నలు. నీ బరువెంత, ఎక్కడ తోలతావు, నీతో ఎవరొస్తారు. వీటికి అబద్ధమాడకుండా జవాబు చెప్పినవాడికి మంచుబండి అడుగున తిరిగే రబ్బరు ట్రాక్ ఎంత పొడుగుండాలో, దాని మీద మంచుని వెనక్కి తోసే పళ్ళు ఎంత ఎత్తుండాలో ఆమె అక్కడికక్కడే తేల్చేసేది. వ్యోమింగ్‌లోని ఆ లోయలో మగాళ్ళు పెళ్ళాల మాట పెడచెవిన పెడతారు గాని, వెర్ల్ దుకాణంలో జనీల్ మాట మాత్రం డాక్టరు మాటలా వింటారు.

ఆ మాటకొస్తే డాక్టర్లు కూడా వింటారు. ఊళ్ళోని పళ్ళ డాక్టరు ఒకసారి వచ్చి, అన్నిటికంటే పొడుగుది, నూట డెబ్బై నాలుగు అంగుళాలదే కావాలని కూర్చున్నాడు.

"ఎందుకండీ అంత?"

"మా బావమరిదికి నూట అరవై అయిదుంది."

"మీ బావమరిది కొండలెక్కుతాడు. మీరు కొండల ముందు ఫోటోలు దిగుతారు. ఫోటోకి నూట నలభై ఆరు చాలండీ. పొట్టిదైతే చెట్ల మధ్య చులాగ్గా తిరుగుతుంది, ఆగిపోయినా మీరొక్కరే లేపుకోగలరు."

ఆయన ముఖం ముడుచుకుని, తర్వాత నవ్వేసి, నూట నలభై ఆరే తీసుకెళ్ళాడు.

అంత తెలిసిన మనిషి సొంత మొగుడి దగ్గరికొచ్చేసరికి ఆ మూడు ప్రశ్నలూ గాలికొదిలేసింది. ఆమెలోని భయం ఒక్కటే ప్రశ్న అడిగింది. ఏ ట్రాక్ అయితే ఇరుక్కోదు?

ఆ భయం పుట్టి అప్పటికి మూడేళ్ళు. ఆమె మొగుడు కెండల్, కౌంటీ రోడ్ల మీద మంచు తోసే లారీ నడుపుతాడు. వారానికి అయిదు రోజులు మంచుని తిట్టుకుంటూ రోడ్డు పక్కకి తోసి, మిగిలిన రెండు రోజులూ అదే మంచుని వెతుక్కుంటూ కొండెక్కే రకం. మూడేళ్ళ కిందట అతను పొగగొట్టం మధ్యలో ఇరుక్కున్నాడు. పొగగొట్టం అంటే ఊరికి ఉత్తరాన ఉన్న వాలు. పైన గరాటులా వెడల్పుగా ఉండి, నడుమ రెండు రాతిగోడల మధ్య సన్నబడి, కింద మళ్ళీ పరుచుకుంటుంది. అప్పుడతని బండి ట్రాక్ నూట యాభై నాలుగు. సగం దాకా ఎక్కి, తోక కూరుకుపోయి, బండి కొండకి అతుక్కుపోయింది. నలభై నిమిషాలు పారతో తవ్వుకున్నాడు. జనీల్ కింద, ఓ పక్కగా ఉన్న మిట్ట మీద నిలబడి చూసింది. చూడ్డం తప్ప ఆమె చేయగలిగిందీ, చేయాల్సిందీ ఏమీ లేదు.

వాలు మీద ఎప్పుడూ ఒక్కరే ఉండాలి. మిగిలినవాళ్ళు మంచు జారినా తమ మీదికి రాని చోట నిలబడి, ఎక్కేవాడి మీంచి చూపు తిప్పకుండా కాపలా కాయాలి. ఇరుక్కున్నవాడి దగ్గరికి రెండో మనిషి వెళ్ళకూడదు. వెళ్తే ఇద్దరూ మంచు కిందే ఉంటారు, తవ్వి తీయడానికి పైన ఎవరూ మిగలరు. ఆ లోయలో బండి తోలే ప్రతివాడికీ ఇది తెలుసు. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఎక్కడం ఎప్పుడూ కెండల్ వంతు, కాపలా ఎప్పుడూ జనీల్ వంతు.

ఆ నలభై నిమిషాలు ఆమె ఒంట్లోంచి పోలేదు. గిన్నెలు తోముతున్నా, బిల్లు రాస్తున్నా, ఉన్నట్టుండి చేతిపని ఆపేసి, ఆ వాలునే చూస్తున్నట్టు నిలబడిపోయేది. ఇరుక్కోవడమే ప్రమాదం, ఇరుక్కోకపోతే ప్రమాదమే లేదు అని ఆమె మనసులో గట్టిగా నాటుకుపోయింది. అందుకే కెండల్ కొత్త బండి కొందామన్నప్పుడు, సైజు నేను చూస్తానంది. సెప్టెంబరులో వెర్ల్ ముందు ఆర్డరు కాగితం పెట్టింది.

"నూట డెబ్బై నాలుగా?" వెర్ల్ కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టాడు. ఆయన దుకాణం యజమానే కాదు, జనీల్‌కి సొంత మేనమామ. "మీ ఆయనకి బండి కొంటున్నావా, రైలు కొంటున్నావా?"

"పళ్ళు మూడంగుళాలవి పెట్టించు మామయ్యా."

"వాడి ఒంటికి నూట అరవై అయిదు దండిగా సరిపోతుందే. ఇంకెవడైనా అయితే నువ్వే చెప్తావ్ ఈ మాట."

"ఇంకెవరికో చెప్పేది వేరు."

"అంత పొడుగు బండి ఏటవాలు మీద ఆగిపోతే ఒక్కడి వల్ల కాదు తిప్పడం. ఇద్దరు పట్టాలి."

"ఆగదు కదా. ఆగకూడదనే కదా నేనీ తిప్పలు పడేది!"

వెర్ల్ భుజాలెగరేసి సంతకం పెట్టాడు. అమ్ముకునేవాడు పెద్దది వద్దని ఎంతసేపని వాదిస్తాడు!

ఆ ఏడు నవంబరులో పల్చగా పడ్డ మంచు చలికి ఎండిపోయి పంచదార పలుకుల్లా విడిపోయింది. దాని మీద జనవరి అంతా మందంగా కురిసింది. అడుగున పంచదార, పైన బరువు. అలాంటి ఏడాది కొండని నమ్మకూడదని లోయలో అందరికీ తెలుసు. తెలిసీ వెళ్తారు. వెళ్ళి తిరిగొచ్చినవాడు, చూశావా ఏమీ కాలేదు అంటాడు. వాడిదో తెలివి.

ఫిబ్రవరి రెండో మంగళవారం, రెండు రోజుల తుఫాను వెలిసింది. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. బండ్లు ట్రైలరు మీంచి దించుతున్నప్పుడు జనీల్ ఫోన్లో, మంచు జారే ప్రమాదం ఎంతుందో రంగుల్లో చెప్పే ఆ రోజు హెచ్చరిక చూసింది.

"నారింజ," అంది.

"నిన్న ఎరుపు. తగ్గింది కదా," అన్నాడు కెండల్, గ్లవ్స్ తొడుక్కుంటూ.

"తగ్గడమంటే పచ్చ కావడం. నారింజంటే నారింజే."

"ఓరి దేవుడా! ఆ ఫర్ చెట్లు దాటనే. ఎప్పుడైనా దాటానా? చెప్పు, ఈ పద్నాలుగేళ్ళలో ఎప్పుడైనా?"

"దాటలేదు."

"మరి?"

నిజమే, దాటలేదు. పొగగొట్టం సన్నబడే చోట ఎడమ రాతిగోడని ఆనుకుని రెండు ఫర్ చెట్లున్నాయి. ఎవరు ఎంత పైకెక్కి బండి మలుపుకుంటే అక్కడ మంచులో విల్లులా ఒక గీత పడుతుంది. ఎవడి గీత పైనుంటే వాడు మొనగాడు. కెండల్ గీత ఎప్పుడూ ఫర్ చెట్ల దగ్గరే పడేది. శనివారం పొద్దున బండ్లవాళ్ళంతా కలిసి తినే టిఫిన్ల దగ్గర మిగతావాళ్ళు దాన్ని అమ్మమ్మ గీత అని ఏడిపించేవాళ్ళు. కెండల్ మూతి బిగించుకునేవాడు. జనీల్ మాత్రం, మా ఆయన బుద్ధిమంతుడు అని లోలోపల మురిసిపోయేది.

మంచు కింద పడితే మనిషి ఎక్కడున్నాడో కూతపెట్టి చెప్పే బీకన్ పెట్టె ఇద్దరూ ఛాతీకి కట్టుకున్నారు. ఆమెది అతను చూశాడు, అతనిది ఆమె చూసింది. పారలు, గుచ్చి చూసే కడ్డీలు వీపు సంచుల్లో ఉన్నాయి. ఇంజను వేడికి వెచ్చబడతాయని ఆమె తన బండి డబ్బాలో రొట్టెలో కూర చుట్టిన బురిటోలు రెండు పెట్టింది. ఆమె బండి పాతది, నూట నలభై ఆరు. కాపలా కాసేదానికి అంతకంటే ఎందుకు?

పదింటికల్లా పొగగొట్టం కింద ఉన్నారు. జనీల్ మిట్ట మీదికెక్కి, బండిని ఊరివైపు తిప్పి నిలబెట్టింది. హెల్మెట్ అద్దం పైకెత్తింది. భుజం మీది రేడియో గరగరమంది.

"వెళ్తున్నానే."

"చెట్లు," అంది జనీల్.

"చెట్లు, చెట్లు! తెలుసమ్మా తల్లీ."

బండి గర్జించింది. ఇన్నేళ్ళుగా ఆమె ఆ ఎక్కుడుని కళ్ళతో కంటే చెవులతో ఎక్కువ చూసేది. మొదట ఇంజను మోత నిండుగా ఉంటుంది. ఫర్ చెట్ల దగ్గరికొచ్చేసరికి గొంతు మారుతుంది, తోక దిగబడుతుంది, మోత మూలుగులోకి దిగుతుంది, అప్పుడు కెండల్ పక్కకి వాలి బండి మలుపుకుంటాడు. ఆ గొంతు మారే క్షణం కోసమే ఆమె ఊపిరి బిగబట్టి ఎదురుచూసేది. మారగానే వదిలేది.

ఈసారి గొంతు మారలేదు.

పొడుగు ట్రాక్ మెత్తటి మంచు మీద తేలిపోయింది. మూడంగుళాల పళ్ళు మంచుని వెనక్కి చిమ్ముతూంటే తెల్లటి తోక లేచింది. బండి ఫర్ చెట్ల పక్కనుంచి, అవి అక్కడ లేనట్టే, పైకి వెళ్ళిపోయింది.

"కెండల్," అంది. తర్వాత అరిచింది. "కెండల్, చెట్లు!"

అప్పుడు అర్థమైంది ఆమెకి. పద్నాలుగేళ్ళుగా అతన్ని ఆ చెట్ల దగ్గర ఆపింది అతని బుద్ధి కాదు, చాలని ట్రాక్. బండికి సత్తువ అయిపోతే ఇతను మలుపుకునేవాడు, అంతే. దాన్నే అతను తన జాగ్రత్త అనుకున్నాడు, ఆమె తన అదృష్టం అనుకుంది. ఇన్నాళ్ళూ తన మొగుణ్ణి ఇంటికి పంపించిన ఆ అంగుళాల కొరతని తన చేతులతో తనే తీర్చేసింది. ఎవరో కొని ఉంటే వాళ్ళ మీద పడి ఏడ్చేది. ఎవరిమీద పడి ఏడవాలి?

బండి గరాటు నోట్లోకి వెళ్ళింది. అక్కడ వాలు గోడలా లేచి ఉంటుంది. రెండు రోజుల గాలి కొండ అవతల ఉన్న మంచునంతా తెచ్చి అక్కడే పోసింది. శిఖరానికి ఇంకో వంద అడుగులుందనగా బండికి ముందు చక్రం బదులుండే జారుడు కాలు మంచు కింది రాయికి కొట్టుకుంది. మోత ఒక్కసారిగా తెగిపోయింది.

తన పక్కనున్న బండి గొణుగుడు తప్ప జనీల్‌కి ఇంకేమీ వినబడలేదు.

"కెండల్?"

గరగర. "ఆ. బాగానే ఉన్నా. రాయి తగిలింది."

"చెట్లు ఎందుకు దాటావ్?"

"ఎప్పుడు దాటానో తెలీలేదే." అతని గొంతులో ఇంకా నవ్వుంది. "అబ్బ, ఏం బండి కొన్నావే! ఆగుతుందేమో అని చూస్తున్నా, ఆగదే! ఇక్కణ్ణుంచి చూస్తే ఊరంతా కనబడుతోంది. ఇవాళ్టితో అమ్మమ్మ గీత పోయింది."

"కిందికి తిప్పు. మెల్లగా తిప్పుకుని వచ్చెయ్."

పైన చిన్న నల్లటి ఆకారం బండి చుట్టూ తిరగడం, ముందు కాలు పట్టుకుని లాగడం, జారిపడటం కనిపించాయి.

"తిరగట్లేదు," అన్నాడు. నవ్వు పోయింది. "తోక మరీ పొడుగు. కూరుకుపోయింది. పాతదైతే ఈపాటికి గిర్రున తిప్పేసేవాణ్ణి. నువ్వు రా. ఇద్దరం పడితే రెండు నిమిషాల పని."

"నేను రాను."

"నా జాడలోనే రావే. తొక్కిన దారి ఉందిగా."

"రానన్నానా! బండి అక్కడే వదిలెయ్. నీ జాడలోనే దిగి వచ్చెయ్."

"వదిలెయ్యాలా!"

ఆమె ఏదో చావమన్నట్టుంది అతని గొంతు. ఎందుకో ఆమెకి తెలుసు. కొండ మీద బండి వదిలేసి ఇంటికొచ్చినవాడు శనివారం టిఫిన్ల దగ్గర చిన్నపిల్లల చెక్కబండి ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. ఇంకొకడు బండి వదిలేదాకా ప్రతి శనివారం అంతే. పోయినేడు ఆ చెక్కబండి పళ్ళ డాక్టరు ఒళ్ళో అయిదు వారాలుంది. అయిదు వారాలూ ఆయన్ని అందరికంటే ఎక్కువ ఏడిపించింది కెండలే. పాన్‌కేకులు తింటున్న మనిషి దగ్గరికెళ్ళి, "డాక్టరుగారూ, పాపకి పాలు పట్టారా?" అని అడిగేవాడు.

"దాని కోసమా ఆలోచిస్తున్నావ్? ఆ చెక్కముక్క కోసమా?"

"అది కాదు. కొత్త బండే! ఇక్కడ వదిలితే మళ్ళీ తుఫానొస్తే వసంతం దాకా దొరకదు. నువ్వు ఊరికే కంగారు పడకు. ఏమీ కాలేదు కదా? నేనెక్కినప్పుడే జారనిది ఇప్పుడెందుకు జారుతుంది?"

ఆమె చూపు అతని పైన, రాయికి ఎడమవైపున ఆగింది. అక్కడ మంచు మీద సన్నటి గీతొకటి కనబడింది. పెన్సిల్‌తో గీసినట్టుంది. ఇందాక ఉందా? నీడా? కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. గీత అక్కడే ఉంది.

"కెండల్, నీ పైన చూడు. ఎడమవైపు. పగులుందా?"

"ఎక్కడ? ...లేదే. నీడ."

"నీడ కాదు. చూడు సరిగ్గా."

"నేనిక్కడున్నానా, నువ్విక్కడున్నావా? నీడని చెప్తున్నానా!" పార మంచులో దిగిన చప్పుడు రేడియోలో వినిపించింది. "నువ్వెప్పుడూ ఇంతేనే. పుట్టుకతో పిరికిదానివి. ఇంకెవరి పెళ్ళామైనా అయితే ఈపాటికి పైన ఉండేది."

ఆ మాటకి ఆమెకి కోపం రాలేదు. రావడానికి లోపల చోటు లేదు. డబ్బాలో బురిటోలు మాడుతున్న వాసనొస్తోంది. ఇంజను ఆపడానికి కూడా ఆమె చూపు పక్కకి తిప్పలేదు. పెదాలు వాటంతటవే అంకెలు లెక్కపెడుతున్నాయి. అతను ఎన్నిసార్లు పార వేశాడో ఆమె లెక్కపెడుతోంది. నూట పది. నూట పదకొండు.

నూట నలభై దగ్గర కొండ లోపల్నుంచి ధబ్ మని చప్పుడైంది.

పెద్ద చప్పుడు కాదు. పక్కింట్లో ఎవరో బరువైన తలుపు వేసినట్టు. కాని అది జనీల్ చెవులకంటే ముందు అరికాళ్ళకి తెలిసింది. అడుగునున్న పంచదార పొర కుంగిందన్న మాట. పైనున్న బరువంతా ఇప్పుడు దేన్ని పట్టుకుని ఆగి ఉందో ఎవరికీ తెలియదు. నల్లటి ఆకారం కదలకుండా నిలబడిపోయింది.

"జనీల్." గొంతు చాలా చిన్నగా ఉంది. "విన్నావా?"

"విన్నా. దిగు."

"ఇప్పుడు గనక నువ్వు గబుక్కున వచ్చేస్తే... ఒక్క లాగుడు. బండి తిరిగిపోతుంది, ఇద్దరం బండి మీదే దిగిపోవచ్చు. నడిస్తే ఎంతసేపు పడుతుందే ఇంత దూరం? బండైతే అర నిమిషం. జనీల్, దయచేసి రా."

ఇప్పుడతను పంతానికి అనడం లేదు. భయపడ్డాడు. భయపడ్డ మనిషి తన బండిని వదలడు, మునిగేవాడు పడవ అంచు పట్టుకున్నట్టు పట్టుకుంటాడు. జనీల్‌కి అది తెలిసింది, ఎందుకంటే ఆమె కూడా సరిగ్గా అలాగే భయపడి, సరిగ్గా అదే బండిని పట్టుకుంది సెప్టెంబరులో.

నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా అతను ఇక దిగడు. అక్కడే నిలబడి, లాగుతూ, తవ్వుతూ, ఆ గీత తెరుచుకునేదాకా ఉంటాడు.

ఆమె అద్దం దించుకుంది. బండెక్కి మిట్ట దిగింది.

అతన్ని బెదిరించడానికి దిగిందా, నిజంగానే వెళ్దామని దిగిందా అని తర్వాత వెర్ల్ అడిగాడు, ఆమె తల్లి అడిగింది, చర్చిలో ఇద్దరు ముగ్గురు అడిగారు. ఆమెకే తెలియదు. రేజు మీట నొక్కింది, అంతవరకే ఆమెకి గుర్తు. బండి పొగగొట్టం కింద పరుచుకున్న మంచు మీదికి, పద్నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె అడుగుపెట్టని చోటికి, ముక్కు పైకి పెట్టి వెళ్ళింది.

"అద్దీ! రా, రా," అన్నాడు కెండల్. ఊరట చెందిన గొంతు. "నా జాడలోనే రా. కొంచెం రేజు ఎక్కువివ్వు."

ఆమె ఎక్కింది. వంద అడుగులు. రెండు వందలు. రాతిగోడలు రెండువైపులా దగ్గరకొచ్చాయి. పైకి చూడొద్దనుకుంటూనే చూసింది. ఆకాశంలో సగం మంచే ఉంది. అదంతా ఆమె నెత్తి మీద ఉంది.

కెండల్ ఎన్నడూ పైనుంచి కిందికి చూసినవాడు కాదు. అతనెక్కుతుంటే ఆమె కింద ఉండేది, అతని కళ్ళు ఎప్పుడూ పైకే. ఇప్పుడు చూశాడు. తన కాళ్ళ దగ్గర్నుంచి కొండంత మంచు వేలాడుతోంది, దాని చివర, చీమంత, తన పెళ్ళాం ఒక పొట్టి బండి మీద మెల్లగా దాని నోట్లోకొస్తోంది. ఆ ట్రాక్ ఫర్ చెట్ల దాకా కూడా రాదు. మధ్యలో ఎక్కడో దిగబడిపోతుంది. అక్కడ ఆమె కూరుకుపోయి ఉంటుంది, పైన తను ఉంటాడు, మధ్యలో ఆ పగులు.

"ఆగు," అన్నాడు.

ఆమె ఆగలేదు.

"జనీల్, ఆగు! వద్దు. నేను తప్పు చెప్పాను. రావద్దు. వెనక్కి తిరుగు!"

"బండి వదిలెయ్," అంది ఆమె రేడియోలో. పళ్ళు టకటకలాడుతూంటే మాట సరిగ్గా రాలేదు. మళ్ళీ చెప్పింది. "నువ్వు వదిలితే నేను తిరుగుతా."

"తిరుగు ముందు!"

"నువ్వు ముందు."

"నీకు పిచ్చి పట్టిందా? చస్తావే! ఇదంతా నీ మీదే పడుతుంది. నాకు కనబడుతోంది ఇక్కణ్ణుంచి. అయ్యో, ఆగవే! దండం పెడతా, ఆగు!"

కెండల్ ఏడుస్తున్నాడు. ఆమె అతని ఏడుపు ఎప్పుడూ వినలేదు, అతని తండ్రి పోయినప్పుడు కూడా. ట్రాక్ అప్పుడే దిగబడటం మొదలైంది, ఇంజను గొంతు మూలుగులోకి దిగింది.

"వదిలేశా! వదిలేశా చూడు! చేతులు చూడు!"

చూసింది. నల్లటి ఆకారం రెండు చేతులూ పైకెత్తి బండికి దూరంగా నిలబడింది. జనీల్ ఒళ్ళంతా ఎడమకి వేసి వాలింది. పొట్టి బండి చటుక్కున మాట విని తిరిగింది. ఆమె వెనక్కి చూడకుండా కిందికి జారి, మిట్ట మీదికెక్కి, బండిని మళ్ళీ ఊరివైపు తిప్పి నిలబెట్టింది.

"దిగు," అంది రేడియోలో. "నీ జాడలోనే. మెల్లగా. ఎగరొద్దు."

కెండల్ మంచులో కూర్చుని, కాళ్ళు ముందు పెట్టుకుని, తన బండి చేసిన గాడిలో జరుగుతూ దిగాడు. గాడి మెత్తగా ఉన్నచోట నడుం దాకా దిగబడి, లేచి, మళ్ళీ కూర్చున్నాడు. జనీల్ ఒక కన్ను అతని మీద, ఒక కన్ను ఆ గీత మీద పెట్టింది. అది పెరిగిందని ఒకసారి అనిపించింది. లేదని ఒకసారి అనిపించింది. అతను కింద పడితే ఎక్కడినుంచి వెతకాలో, ముందు బీకన్ తిప్పాలో కడ్డీ విప్పాలో మనసులో వరస పెట్టుకుంది. వరస తప్పిపోయింది. మళ్ళీ మొదట్నుంచి పెట్టుకుంది. తనకి తెలిసిన ఒకే ఒక్క ప్రార్థన సగం దాకా చదివింది, మిగతా సగం గుర్తు రాలేదు.

ఫర్ చెట్ల దగ్గరికొచ్చాక అతను ఒక చెట్టుని పట్టుకుని ఆగాడు.

"ఆగొద్దు."

"ఊపిరాడట్లేదే."

"కిందికొచ్చి పీల్చుకో."

మిట్ట మీదికి చేరేసరికి ఇరవై అయిదు నిమిషాలైంది. కొండ కదల్లేదు. పైన కొత్త బండి ఎండలో ఎర్రగా, అగ్గిపెట్టెంత కనబడుతోంది. దాని పైన ఆ గీత అలాగే ఉంది. అది పగులో నీడో ఆ రోజుకి తేలలేదు.

కెండల్ హెల్మెట్ ఊడదీసి మంచులో విసిరేశాడు. ముఖమంతా కన్నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయి. ఆమె భుజాలు పట్టుకుని ఊపాడు.

"ఏం మనిషివే నువ్వు? ఏం మనిషివి? నువ్వక్కడ కూరుకుపోతే నేనేం చెయ్యాలి పైనుంచి? చూస్తూ నిలబడాలా?"

"ఆఁ," అంది జనీల్. "చూస్తూ నిలబడాలి."

"పిచ్చిదానా! నువ్వు ఆ రాళ్ళ మధ్యకి రావడం చూస్తూంటే నా ప్రాణం..." చెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నాడు. "ఇక్కడ ఎవరో పిండేసినట్టయింది. చూడ్డం తప్ప ఏమీ చెయ్యలేను. అరుస్తున్నా, నువ్వు వినవు. చూస్తూ ఉండడమే..."

ఆగిపోయాడు.

జనీల్ అతని వైపే చూస్తోంది. అతని చేతులు ఆమె భుజాల మీంచి మెల్లగా జారాయి. అతను తిరిగి ఆ మిట్టని చూశాడు. ఆమె బండి పక్కన, ఆమె నిలబడ్డ చోట, బూట్ల కింద మంచు రాయిలా గట్టిపడి నున్నగా మెరుస్తోంది.

"ప్రతిసారీ ఇలాగే ఉంటుందా నీకు?" అని అడిగాడు.

"ప్రతిసారీ."

"ఆ నలభై నిమిషాలప్పుడు కూడా?"

"అందుకే ఆ ట్రాక్ కొన్నాను," అంది జనీల్. "నువ్వు ఇరుక్కోకూడదని."

కెండల్ మంచులో చతికిలబడ్డాడు. చాలాసేపు లేవలేదు. లేచాక హెల్మెట్ వెతుక్కుని, దులుపుకుని, పెట్టుకున్నాడు. ఒక్కసారి కూడా తల ఎత్తి తన బండి వైపు చూడలేదు.

ఉన్న ఒక్క బండి మీద ఇద్దరూ ఎక్కారు. ఆమె తోలింది, అతను వెనక కూర్చుని రెండు చేతులతో ఆమె నడుం చుట్టూ పట్టుకున్నాడు. ట్రైలరు దాకా పదకొండు మైళ్ళు. అంత దూరమూ రెండు మందపాటి కోట్ల మీంచి అతని వణుకు ఆమె వీపుకి తెలుస్తూనే ఉంది.